మారు మనిషి: బ్రిడ్జెట్ క్లియరీ కేసు, ఒక సైకియాట్రిస్టు పరిశీలన

ఐర్లండ్‌లోని టిప్పరరీ కౌంటీలో బాలీవాడ్లి అనే చిన్న ఊరు. 1895 మార్చి 15, శుక్రవారం రాత్రి. 26 ఏళ్ల బ్రిడ్జెట్ క్లియరీని ఆమె భర్త మైకేల్ సొంత ఇంట్లోనే, వంటపొయ్యి దగ్గర కాల్చి చంపాడు. కన్నతండ్రి, మేనత్త, మేనత్త పిల్లలు ఆ సమయంలో అదే ఇంట్లో ఉన్నారు. తాను కాల్చింది తన భార్యను కాదని, ఆమెను ఎత్తుకుపోయి ఫెయిరీలు ఆమె స్థానంలో వదిలివెళ్లిన మారు మనిషినని మైకేల్ అన్నాడు.

చరిత్రకారులూ జానపద పరిశోధకులూ ఈ కేసు గురించి చాలా రాశారు. నేను మాత్రం దీన్ని మా పీజీ విద్యార్థులకు ప్రమాద అంచనా పాఠంలో చెబుతాను. ‘మూఢనమ్మకం’ అని ఒక్క మాట రాసి ఫైలు మూసేయడం మా వృత్తిలో చాలా సులువు. ఆ మాటతో మర్నాడు ఓపీలో కూర్చున్న వైద్యుడికి ఒరిగేదేమీ ఉండదు. ఎదురుగా ఉన్న కుటుంబాన్ని ఇంటికి పంపాలా, వార్డులో పెట్టాలా అన్నది అది చెప్పదు.

కేసు వివరాలకు ఆధారం కోర్టు వాంగ్మూలాలు, అప్పటి పత్రికలు. ముఖ్య సాక్షి బ్రిడ్జెట్ మేనత్త కూతురు జొహానా బర్క్. ఆమె ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పి శిక్ష తప్పించుకుంది. తన పాత్రను తక్కువ చేసి చెప్పుకోవడానికి ఆమెకు ప్రతి కారణమూ ఉంది. చదివేవాళ్లు అది మనసులో పెట్టుకోవాలి.

మనిషి, ఇల్లు

బ్రిడ్జెట్ పుట్టింటి పేరు బోలండ్. పట్నంలో కుట్టుపని నేర్చుకుంది. సింగర్ మిషను ఉంది. టోపీలు తయారుచేసేది, కోళ్లు పెంచి గుడ్లు అమ్మేది. సొంత సంపాదన, మంచి బట్టలు, మాటలో చురుకు. 1887లో పెళ్లయింది, పిల్లల్లేరు. మైకేల్ పీపాలు చేసే పనివాడు, చదవడం రాయడం వచ్చినవాడు. ఇద్దరూ బ్రిడ్జెట్ తండ్రి పాట్రిక్ బోలండ్‌తో కలిసి కూలీల కోసం ప్రభుత్వం కట్టించిన కొత్త ఇంట్లో ఉండేవారు. ఆకలితో అలమటించే అడవి మనుషులు కారు. ఊళ్లో నలుగురికన్నా ఒక మెట్టు పైనే ఉన్నారు.

ఇక ఫెయిరీలు. రెక్కలతో ఎగిరే బొమ్మల పుస్తకాల పిల్లలను మరిచిపోవాలి. ఐరిష్ పల్లెల్లో ఫెయిరీలంటే మనుషుల పక్కనే కనపడకుండా కాపురముండే ఒక జాతి. వాళ్ల నివాసాలు పొలాల మధ్య గుండ్రటి మట్టికట్టలు. నిజానికి అవి వెయ్యేళ్ల కిందటి రైతుల ఇళ్లచుట్టు ఆవరణలు, దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ కట్టను తవ్వితే, దాని మీది ముళ్లచెట్టు కొడితే కీడని రైతులు ఇప్పటికీ కొందరు జంకుతారు. ఫెయిరీలు అందమైన పసిపిల్లల్నీ, పడుచువాళ్లనీ, బాలింతల్నీ ఎత్తుకుపోతారని, వాళ్ల బదులు అచ్చం వాళ్లలాగే ఉండే రోగిష్టి రూపాన్ని మంచం మీద వదిలిపెడతారని నమ్మకం. ఎదగని బిడ్డ, మాటలు రాని బిడ్డ, హఠాత్తుగా చిక్కిపోయిన మనిషి, చిరాకుపడే మనిషి: వీళ్లందరికీ ఒకే వివరణ.

ఇలాంటివి అంతకుముందూ జరిగాయి. 1826లో కెర్రీ కౌంటీలో ఆన్ రోష్ అనే ముసలావిడ నడకా మాటా రాని మైకేల్ లేహీ అనే పిల్లవాడిలోంచి ఫెయిరీని వెళ్లగొట్టాలని ఫ్లెస్క్ నదిలో ముంచితే వాడు చనిపోయాడు. జ్యూరీ ఆవిణ్ణి వదిలేసింది. 1884లో ఇదే టిప్పరరీ కౌంటీలోని క్లోన్‌మెల్ పట్నంలో ఒక పసివాణ్ణి కాలిన పార మీద కూర్చోబెట్టారు. అనుమానం వచ్చిన పిల్లలకు ఫాక్స్‌గ్లవ్ ఆకుల రసం పట్టించేవారు. గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్ తీసే మొక్క అది, మోతాదు మించితే గుండె ఆగుతుంది. అంటే పిల్లవాడు బతికితే మన బిడ్డ, పోతే ఫెయిరీ.

మార్చి 4 నుంచి 15 దాకా

మార్చి 4, సోమవారం. బ్రిడ్జెట్ గుడ్లు ఇవ్వడానికి తన తండ్రికి వరసకు సోదరుడయ్యే జాక్ డన్ ఇంటికి నడిచి వెళ్లింది. ఆ దారిలో కైల్‌నగ్రానా అనే గుట్ట, దాని మీద ఫెయిరీలవని చెప్పుకునే మట్టికోట. బయట విపరీతమైన చలి. ఇంటికొచ్చాక వణుకు, తలనొప్పి. మంచం పట్టింది.

శనివారం తండ్రి మైళ్ల దూరం నడిచి వెళ్లి డాక్టరును రమ్మన్నాడు. రాలేదు. సోమవారం భర్త వెళ్లాడు. డాక్టరు బుధవారం వచ్చి చూసి, కొద్దిపాటి బ్రాంకైటిస్, నరాల ఉద్రేకం అని మందు రాశాడు. అదే రోజు చర్చి ఫాదరు వచ్చి, ఎందుకైనా మంచిదని చివరి సంస్కారం కూడా జరిపించి వెళ్లాడు. పిలిచిన రోజు నుంచి డాక్టరు గడప తొక్కేదాకా గడిచిన నాలుగు రోజులే ఈ కేసులో అన్నిటికన్నా ఖరీదైనవని నా అభిప్రాయం. ఆ ఖాళీని జాక్ డన్ నింపాడు. అతను ఆ ప్రాంతంలో ఫెయిరీ కథలకు పెట్టింది పేరు. మంచం మీది మనిషిని చూసి, ఈమె బ్రిడ్జెట్ కాదు, ఒక కాలు పొడవు ఒక కాలు పొట్టి అన్నాడు.

మైకేల్ డెనిస్ గేనీ అనే మూలికల వైద్యుడి దగ్గర నుంచి ఆకులు తెచ్చాడు. 14వ తేదీ గురువారం రాత్రి వాటిని పాలలో కాచి బ్రిడ్జెట్‌తో బలవంతంగా మింగించారు. జాక్ డన్, మేనత్త కొడుకులైన కెన్నెడీ అన్నదమ్ములు కాళ్లూ చేతులూ పట్టుకున్నారు. మీద మూత్రం చల్లారు. ‘దేవుడి సాక్షిగా నువ్వు బ్రిడ్జెట్ బోలండ్‌వేనా, మైకేల్ క్లియరీ భార్యవేనా?’ అని పదే పదే అడిగారు. తర్వాత ఎత్తి పొయ్యి మీదుగా పట్టుకుని మళ్లీ అదే ప్రశ్న. పక్కింటి సింప్సన్ దంపతులు వచ్చి ఇదంతా చూశారు. అర్ధరాత్రి దాటాక, ఆమె చెప్పిన జవాబుతో అందరూ తృప్తిపడ్డారు.

అదే రాత్రి మైకేల్ తండ్రి చనిపోయినట్టు కబురొచ్చింది. మిగతావాళ్లు శవజాగరణకు వెళ్లారు, అతను కదల్లేదు. అప్పటికే అతనికి వరసగా నిద్రలేని రాత్రులు.

శుక్రవారం ఉదయం ఫాదరు వచ్చి ఇంట్లోనే ప్రార్థన జరిపాడు. సాయంత్రానికి బ్రిడ్జెట్ లేచింది, బట్టలు మార్చుకుంది, వంటింట్లో అందరితో కూర్చుంది. మాట మీద మాట పెరిగింది. ‘ఫెయిరీలతో తిరిగింది మీ అమ్మ, అందుకే నన్నూ అంటున్నావు’ అందామె. మైకేల్ రొట్టె, జామ్ మూడు ముక్కలు ముందు పెట్టి, ఒక్కో ముక్కకూ పేరు చెప్పి తినమన్నాడు. రెండు తింది. మూడోదానికి తడబడింది. నేల మీద పడేశాడు, గొంతులోకి రొట్టె కుక్కాడు, మండే కట్టె మొహం దగ్గర పెట్టాడు. లోపలి చొక్కా అంటుకుంది. అప్పుడు దీపంలోని కిరసనాయిలు ఆమె మీద పోశాడు. తలుపుకు తాళం, తాళంచెవి అతని జేబులో. లోపలున్నవాళ్లు తలుపు తీయమని అరిచారు. ఇప్పుడే చూస్తారు, అది పొగగొట్టంలోంచి పైకి పోతుంది అన్నాడతను.

శవాన్ని దుప్పటిలో చుట్టి, ఇంటికి కొంత దూరంలో లోతు తక్కువ గోతిలో పూడ్చారు. ఆ తర్వాత కొన్ని రాత్రులు మైకేల్ నల్లపిడి కత్తి పట్టుకుని కైల్‌నగ్రానా కోట దగ్గర కాపు కాశాడు. తన అసలు భార్య తెల్లగుర్రం మీద వస్తుంది, ఆమెను గుర్రానికి కట్టిన తాళ్లు కోస్తే తనకు దక్కుతుంది అని. 22న పోలీసులకు శవం దొరికింది. ఊరివాళ్లు ఎవరూ రాకపోవడంతో క్లోనీన్ శ్మశానంలో పోలీసులే రాత్రిపూట పూడ్చారు.

జూలైలో క్లోన్‌మెల్‌లో విచారణ. మైకేల్‌కు హత్య కింద కాక, దానికన్నా చిన్నదైన నరహత్య నేరం కింద 20 ఏళ్లు పడింది. 15 ఏళ్లకు, 1910లో విడుదలై మాంట్రియల్ వెళ్లిపోయాడు. పాట్రిక్ కెన్నెడీకి ఐదేళ్లు, జాక్ డన్‌కు మూడేళ్లు, మిగతావాళ్లకు ఇంకా తక్కువ. కన్నతండ్రికి ఆరు నెలలు. అప్పట్లో ఐర్లండ్ స్వపరిపాలన మీద పెద్ద రచ్చ నడుస్తోంది. దాన్ని వ్యతిరేకించే పత్రికలు ‘ఇలాంటివాళ్లకా పాలన అప్పగించేది’ అని ఈ కేసును పండగ చేసుకున్నాయి. ఒక ఇంటి విషాదాన్ని ఒక జాతి మొత్తానికి అంటగట్టడం ఎక్కడైనా ఇంతే.

రోగ నిర్ధారణ సంగతి

ఈ కేసు చదివిన ప్రతి పీజీ విద్యార్థీ చెయ్యెత్తి చెప్పే పేరు కాప్‌గ్రా సిండ్రోమ్. 1923లో ఫ్రెంచి వైద్యులు కాప్‌గ్రా, రబూల్-లషో వర్ణించారు. దగ్గరి మనిషి స్థానంలో అదే రూపంతో ఇంకెవరో వచ్చి కూర్చున్నారన్న గట్టి భ్రమ. మొహం గుర్తుపట్టే వ్యవస్థ బాగానే పనిచేస్తుంది, ఆ మొహం చూడగానే లోపల కలగాల్సిన ఆత్మీయత మాత్రం కలగదు. ‘అన్నీ ఆమెవే, కానీ ఆమె కాదు’ అనే వైరుధ్యానికి మెదడు ఒక కథ అల్లుకుంటుంది. ఈ రోగులు చిన్న చిన్న తేడాలు చూపించి వాదిస్తారు. మైకేల్ కూడా ‘ఈమె నా భార్య కంటే రెండంగుళాలు ఎత్తు’ అన్నాడని సాక్ష్యం ఉంది. నిద్రలేమి, తండ్రి మరణం, భార్య జబ్బు కలిసి అతనికి కొద్దిరోజుల సైకోసిస్, అంటే వాస్తవంతో పట్టు తప్పే మానసిక స్థితి, వచ్చిందనుకుంటే కథ చక్కగా అతుకుతుంది.

అతుకుతుంది గానీ నాకు నమ్మకం కుదరదు. మొట్టమొదట ‘ఈమె బ్రిడ్జెట్ కాదు’ అన్నది మైకేల్ కాదు, జాక్ డన్. గురువారం రాత్రి కాళ్లూ చేతులూ పట్టుకున్న నలుగురికీ ఒకేసారి కాప్‌గ్రా రాదు. పైగా అతని నమ్మకం ఆగుతూ సాగుతూ నడిచింది. అర్ధరాత్రి ఆమె భార్యే, పొద్దున ప్రార్థనప్పుడు భార్యే, సాయంత్రం గొడవయ్యాక మళ్లీ కాదు. మెదడు దెబ్బతిని వచ్చే కాప్‌గ్రా సాధారణంగా ఇలా మనిషి మాట మీద ఆధారపడి వచ్చీపోదు. ఇక మా పాఠ్యపుస్తకాల నిర్వచనం ప్రకారం, చుట్టూ ఉన్న సమాజం మామూలుగా ఒప్పుకునే నమ్మకాన్ని భ్రమ అనకూడదు. టిప్పరరీలో ఫెయిరీల మీద నమ్మకం మామూలే. ఆ నమ్మకంతో భార్యను తగలబెట్టడం మాత్రం అక్కడ కూడా మామూలు కాదు. ఇరుగుపొరుగు నిర్ఘాంతపోయారు, జాక్ డన్ స్వయంగా అతన్ని చర్చికి తీసుకెళ్లి ఫాదరు ముందు నిలబెట్టాడు.

తోడేలుగా మారానని చెప్పే లైకాంత్రొపీ రోగుల గురించి కూడా ఇదే తరగతిలో అడుగుతారు. చాలా అరుదు. యూరప్ పల్లెల్లో తోడేలు మనిషి కథలు విని పెరిగినవాడు తోడేలు అంటాడు, ఇంకోచోట ఇంకో జంతువు పేరు వినిపిస్తుంది. కథ ఊరు ఇస్తుంది, దాన్ని తనకు అంటించుకునే బలం జబ్బు ఇస్తుంది. మైకేల్ విషయంలో రెండో భాగం ఎంత, మొదటి భాగం ఎంత అని 130 ఏళ్ల తర్వాత తూకం వేయడం నా పని కాదు. అయినా ఆ తూకం తేలకుండానే ప్రమాదం ఎక్కడుందో చెప్పవచ్చు.

అసలు మనిషి ఎక్కడ?

గురువారం రాత్రి దృశ్యం తెలుగువాళ్లకు కొత్త కాదు. దయ్యం పట్టిందన్న ఆడమనిషిని జుట్టు పట్టుకుని కూర్చోబెట్టి, వేపమండలతో కొట్టి, మిరపకాయల పొగ పెట్టి ‘ఎవరు నువ్వు? ఏ ఊరు? ఏం కావాలి?’ అని అడిగే భూతవైద్యుణ్ణి మనలో చాలామంది చూశాం, కనీసం విన్నాం. అక్కడా ఇక్కడా ప్రశ్న పేరు గురించే. అక్కడా ఇక్కడా హింసే, దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు.

కానీ రెండు నమ్మకాల లోపలి కట్టడం వేరు. మన దగ్గర పట్టిన దయ్యం అద్దెకు దిగినదే, ఇల్లు మాత్రం అమ్మాయిదే. ఒళ్లు కమిలితే ఎవరి ఒళ్లు కమిలిందో తల్లికి తెలుసు. అందుకే దయ్యానికి కోడినో చీరనో ఇచ్చి, బతిమాలి, బెదిరించి పంపిస్తారు. అమ్మాయి కూడా ఒక పేరు చెప్పి, ఒక కోరిక కోరి, ‘పోతున్నా’ అని బయటపడగలదు. ఆ తంతులో ఆమెకు ఒక గుమ్మం తెరిచే ఉంటుంది. తెలివైన కోడళ్లు ఆ గుమ్మంలోంచి తమకు కావలసినవి కూడా అడిగి పుచ్చుకోవడం నేను చూశాను.

మారు మనిషి నమ్మకంలో మంచం మీదున్న ఒళ్లే ఆమెది కాదు. ఆమె ఎక్కడో కోటలో, గుర్రం మీద, క్షేమంగా ఉంది. ఇక్కడున్నదాన్ని ఎంత బాధపెడితే అక్కడున్నది అంత త్వరగా తిరిగొస్తుంది. అంటే కాల్చడం భార్యను రక్షించుకునే మార్గమవుతుంది. ప్రేమ ఉన్నవాడే ఎక్కువ ప్రమాదకరంగా మారే కట్టడం ఇది. దానికితోడు పరీక్షకు ముగింపు లేదు. మూడుసార్లు సరైన జవాబు చెబితే నాలుగోసారి అడగరన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. గురువారం నెగ్గింది, శుక్రవారం మళ్లీ పరీక్ష పెట్టారు.

మంత్రాలు చేశారన్న అనుమానంతో మన పల్లెల్లో జరిగే దాడులు ఇంకో రకం. అక్కడ ఎదుటి మనిషి ఎవరో అందరికీ తెలుసు, ఆ మనిషినే శత్రువంటారు. దానికి పోలీసులు, పెద్దమనుషులు, ఊరు మొత్తం కావాలి. ఓపీ గదిలో పట్టుబడేది తక్కువ.

మా ఓపీలో ఈ కేసు ఉపయోగం

ఇద్దరి గురించి చెబుతాను. వివరాలు గుర్తుపట్టలేనంత మార్చాను.

ఒకాయన రిటైరైన ఉద్యోగి, మెదడు క్షీణించే జబ్బు మొదలైంది. లూయీ బాడీ డిమెన్షియా అనుకున్నాం. భార్యను పక్కన పెట్టుకునే అన్నారు: ‘ఈవిడ చాలా మంచిదండీ డాక్టరు గారూ, మా ఆవిడలాగే వండిపెడుతుంది. కానీ మా ఆవిడ కాదు. పాపం, వీళ్లింట్లో వెతుక్కుంటూ ఉంటారు, పంపించెయ్యమని మా వాడికి చెప్పండి.’ మీ ఆవిడ ఎక్కడున్నారండీ అని అడిగాను. ‘పుట్టింటికి వెళ్లింది, వచ్చేస్తుంది’ అన్నారు. ఈవిడ ఇక్కడ ఉన్నా ఆవిడ వస్తారా? ‘ఎందుకు రాదు?’ అని నవ్వారు. ఆయన్ని మందులతో ఇంటికి పంపాం. కాఫీ తాగనని మొండికేసినప్పుడు భార్య పక్కగదిలోకి వెళ్లి, అక్కణ్ణుంచి గొంతు వినిపిస్తూ మాట్లాడాలని చెప్పాం. కాప్‌గ్రా చాలాసార్లు మొహంతోనే గొడవ పడుతుంది, గొంతును ఒప్పుకుంటుంది.

రెండో అతను ముప్ఫై దాటని యువకుడు. భార్య ప్రసవించిన మూడోవారం నుంచి ‘ఇది వేరే’ అంటున్నాడు. ఇంట్లో జనం అది బాలింత మీద పడిన గాలి అనుకుని, దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఓపీకి తీసుకొచ్చింది కూడా ఆమెనే. ఆమె అలసిపోయి ఉంది, అంతకుమించి ఏమీ లేదు. అతనేమో నిద్రపోయి ఎన్నాళ్లయిందో సరిగ్గా చెప్పలేకపోయాడు. ‘మరి మీ భార్య ఎక్కడుంది తమ్ముడూ?’ అని అడిగాను. ‘అవతల పెట్టారు సార్. దీన్ని వదిలిస్తేగానీ వదలరు.’ వదిలించడమంటే? అతను తల వంచుకున్నాడు. ఆమెకు దెబ్బ తగిలితే ఎవరికి నొప్పి? ‘దీనికేం నొప్పి సార్’ అన్నాడు.

గాలి ఉందా లేదా అన్న వాదనలోకి నేను వెళ్లలేదు. అతని అత్తగారితో ఆ వాదన మొదలుపెడితే గంట పడుతుంది, ఓడిపోయేది నేనే. ఆ పూటే భార్యనూ బిడ్డనూ ఆమె పుట్టింటికి పంపించాం. అతను చేరనన్నాడు కాబట్టి తండ్రి ప్రతినిధిగా, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కింద, ఇద్దరు విడివిడిగా పరీక్ష చేశాక వార్డులో చేర్చుకున్నాం. ఆ సెక్షన్ కింద గరిష్ఠంగా 30 రోజులు. ఫిట్స్, తలకు దెబ్బ, థైరాయిడ్, మత్తుపదార్థాలు ఏవీ కారణం కాదని తేల్చుకున్నాక యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టాం. కానీ అన్నిటికన్నా ముందు ఇచ్చింది నిద్ర. మైకేల్ క్లియరీ ఆ వారం ఒక్క రాత్రి కంటినిండా పడుకుని ఉంటే అని నాకెప్పుడూ అనిపిస్తుంది. రోగి మంచం పక్కన కాపలా ఉన్నవాడి నిద్ర గురించి కేసుషీటులో ఒక గడి ఉండాలని మా విభాగంలో పట్టుబట్టి పెట్టించాను.

ఇంకో పని, ఇంట్లో అనుమానం ఉన్నవాణ్ణి వెతకడం. బ్రిడ్జెట్ ఇంట్లో తండ్రికి, జొహానాకు, పక్కింటి సింప్సన్లకు తలా కొంచెం అనుమానం ఉండే ఉంటుంది. ఎవరి అనుమానం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఈ ఇంట్లో అలాంటి మనిషి యువకుడి చెల్లెలు, ఇంటర్ చదువుతోంది. అందరి ముందూ నోరు విప్పలేదు గానీ, కారిడార్‌లోకి వచ్చి ‘వదినకేం కాలేదు సార్, అన్నయ్యకే’ అంది. నా ఫోన్ నంబరు ఆ అమ్మాయికి ఇచ్చాను. రాత్రిళ్లు అన్న గొంతు మారితే మొదట పిలవాల్సింది ఎవర్నో ఆమెకు తెలియాలి.

మూడో వారానికి అతని మాటలో పట్టు సడలింది. భార్య చూడడానికి వచ్చినప్పుడు మొదట గొంతు గుర్తుపట్టాడు, మొహం మీద ఇంకా సందేహమే. డిశ్చార్జి తర్వాత కొన్నాళ్లు ఇద్దర్నీ వేరువేరు ఇళ్లలోనే ఉండమన్నాం. దీనికి రెండు కుటుంబాలూ గొణిగాయి. ఇప్పుడు కలిసే ఉంటున్నారు. అడిగితే ‘అప్పుడు అలా అనిపించింది సార్’ అంటాడు, అంతకుమించి తవ్వను. అత్తగారు గురువారం గురువారం కూతుర్నీ మనవణ్ణీ దర్గాకు తీసుకెళ్లి తావీదు మార్పిస్తుంది. అక్కడి ఫకీరుకు ఒకటే చెప్పించాను: ఎవర్నీ పేరు అడగవద్దు, కొట్టవద్దు, ఇతను మందు మానేశాడని తెలిస్తే నాకు కబురు పంపాలి. ఒకసారి పంపాడు కూడా. మందు మోతాదు తగ్గించే విషయం వచ్చే సమీక్షలో చూస్తాం.